బేస్ గిటార్ సాధన: ఉన్న అరగంటలో ఏ కసరత్తు ఎంచుకోవాలి?

బేస్ పట్టి ఆర్నెల్లో ఏడాదో గడిచాక దాదాపు అందరికీ ఒక దశ వస్తుంది. పాటలు వాయించగలుగుతుంటారు, కానీ వాయించింది మళ్లీ వింటే ఎక్కడో వెలితి. సరే, పద్ధతిగా సాధన చేద్దామని కూర్చుంటే ఎటు మొదలుపెట్టాలో తేలదు. ఒకరు వేళ్ల కసరత్తులు చెయ్యమంటారు. ఒకరు స్కేల్స్ (స్వరాల వరసలు) అంటారు. మెట్రొనోమ్ (క్లిక్ క్లిక్‌మంటూ బీట్లు లెక్కపెట్టే పరికరం) పెట్టుకుని ఒక్క నోటే వాయించమని ఇంకొకరు. అవన్నీ పక్కన పెట్టి పాటలు విని పట్టుకోమని మరొకరు. అందరూ చెప్పేది నిజమే, చిక్కల్లా అక్కడే. ఉన్నది అరగంట. దాన్ని తలా ఆరేడు నిమిషాలు పంచితే ఏదీ చేతికి పట్టదు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఏ కసరత్తు గొప్పది అని వెతక్కండి, మీ వాయింపులో తప్పెక్కడుందో వెతకండి. బేస్ వాయించేవాళ్లలో ఆ తప్పు చాలాసార్లు నోటు ఆగే చోట దొరుకుతుంది. మనమేమో నోటు మొదలయ్యే చోటు మీదే ఏళ్ల తరబడి కష్టపడుతుంటాం.

## ముందు రెండు నిమిషాలు రికార్డ్ చెయ్యండి

మీకు బాగా వచ్చిన పాట ఒకటి తీసుకోండి. డ్రమ్ ట్రాక్‌తో గానీ మెట్రొనోమ్‌తో గానీ రెండు నిమిషాలు వాయించి ఫోన్‌లో రికార్డ్ చెయ్యండి. అప్పుడే వినొద్దు, మర్నాడు వినండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకునే వినాలి. ఇ, ఎ, డి, జి అనే నాలుగు తీగల్లో అన్నిటికంటే మందమైన ఇ తీగను నొక్కకుండా మీటితే దాని మూల స్వరం సుమారు 41 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, ఫోన్ స్పీకర్‌లో అది దాదాపు వినపడదు.

నేను ఈ పని ఆలస్యంగా చేశాను. వేళ్లు నెమ్మదిగా ఉన్నాయనుకుని రెండు నెలలు ఒకటి-రెండు-మూడు-నాలుగు కసరత్తులే చేశాను. తర్వాత ఒక రోజు రికార్డ్ చేసి విన్నాను. వేళ్లకు ఏ లోటూ లేదు. జి తీగ మీద నోట్లు వాయిస్తున్నంతసేపూ కింద ఎ తీగ హూమ్మని మోగుతూనే ఉంది. పాటలో ఖాళీ రావాల్సిన ప్రతిచోటా ముందు నోటు తోక వేలాడుతోంది. బురదగా వినపడటానికి కారణం అదే. రెండు నెలల కష్టం జబ్బొకటైతే మందొకటి అన్నట్టయింది.

వినేటప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. వేగం జారుతోందా, అంటే ముందుకు పరుగెడుతున్నారా, వెనక్కి లాగుతున్నారా? నోట్లు ఆగాల్సిన చోట శుభ్రంగా ఆగుతున్నాయా? ఒక నోటు పెద్దగా, పక్క నోటు చిన్నగా వినపడుతోందా? కార్డ్ (కలిసి పలికే స్వరాల గుంపు) మారినప్పుడల్లా రూట్ నోటు (ఆ కార్డ్‌కు పేరిచ్చే మొదటి స్వరం) తప్ప ఇంకేమీ తోచడం లేదా? కాగితం మీద రాసుకోండి. నాలుగూ ఉన్నా ఫర్వాలేదు, అన్నిటికంటే ఎక్కువ చెవికి గుచ్చుకున్నదాని కింద గీత గీయండి.

## దేన్నిబట్టి పోల్చాలి

నేను ఐదు విషయాలు చూస్తాను. ఆ కసరత్తు ఏ తప్పును సరిచేస్తుంది? దాని ఫలితం పాటలో ఎన్నాళ్లకు వినపడుతుంది? ఎదుగుదలను అంకెల్లో కొలవగలమా? చేతికి ఎంత భారం? చివరిది, చాలామంది వదిలేసేది: రేపు కూడా దీన్నే చెయ్యాలనిపిస్తుందా? పదో రోజుకు విసుగొచ్చి మానేసే కసరత్తు ఎంత శాస్త్రీయమైనదైనా లాభం లేదు.

| కసరత్తు | సరిచేసే తప్పు | పాటలో ఫలితం | కొలత | చేతికి భారం | విసుగు |
|---|---|---|---|---|---|
| వేళ్ల వరసలు | ఎడమ చేతి బిగుసు, వేళ్ల తడబాటు | నెమ్మది | సులువు | ఎక్కువ | ఎక్కువ |
| కుడి చెయ్యి, మ్యూటింగ్ (మోగే తీగను ఆపడం) | నోటు తోకలు, ఎగుడుదిగుడు శబ్దం | రెండు మూడు వారాల్లో | రికార్డింగ్‌తోనే | తక్కువ | మధ్యస్థం |
| మెట్రొనోమ్‌తో గ్రూవ్ (లయ నిలకడ) | లయ జారడం | త్వరగా | చాలా సులువు | తక్కువ | మొదట ఎక్కువ, తర్వాత తగ్గుతుంది |
| స్కేల్స్, కార్డ్ నోట్లు | రూట్ తప్ప తోచకపోవడం | నెలలు పడుతుంది | మధ్యస్థం | మధ్యస్థం | చేసే తీరును బట్టి |
| చెవితో పాట పట్టడం | అన్నీ కొంచెం కొంచెం | అప్పటికప్పుడు | కష్టం | పాటను బట్టి | తక్కువ |

వారాలు, నెలలు అన్నవి నేను చూసిన అందాజులు. రోజూ కూర్చునేవాళ్లకే వర్తిస్తాయి.

## వేళ్ల వరసలు

నాలుగు వేళ్లు, నాలుగు ఫ్రెట్లు (బేస్ మెడ మీది కడ్డీల మధ్య గళ్లు): చూపుడు వేలు 1, మధ్య వేలు 2, ఉంగరం వేలు 3, చిటికెన వేలు 4. 1-2-3-4 తో మొదలుపెట్టి 1-3-2-4, 4-2-3-1 ఇలా మార్చుకుంటూ పోతే మొత్తం 24 వరసలు వస్తాయి. రోజుకు రెండు చొప్పున తిప్పితే పన్నెండు రోజులకు ఒక చుట్టు.

కొత్తవాళ్లకు దీని మేలు నిజమైనదే. కానీ ఆ మేలు వేగం అనుకుంటే పొరపాటు. ఎంత తక్కువ బలంతో తీగను నొక్కితే నోటు శుభ్రంగా పలుకుతుందో వేళ్లకు తెలియడమే దీని అసలు ప్రయోజనం. వేలిని ఫ్రెట్ కడ్డీకి ఆనుకునేలా, వెనక పక్కన పెట్టండి. నొక్కు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వాయించండి. ఎక్కడ గరగర మొదలైందో అక్కడినుంచి వెంట్రుకవాసి ఎక్కువ నొక్కితే చాలు. మనలో చాలామందిమి అంతకు రెట్టింపు బలం పెడుతుంటాం, ముంజేయి నొప్పి అక్కడే మొదలవుతుంది.

ఒక్క జాగ్రత్త. ఈ కసరత్తును మొదటి ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టొద్దు. 1951లో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్ నుంచి 34 అంగుళాల స్కేల్ పొడవు (తీగలో మోగే భాగం పొడవు) మామూలు కొలత అయింది. ఆ పొడవు మీద 1వ ఫ్రెట్ నుంచి 4వ ఫ్రెట్ దాకా సుమారు 13 సెంటీమీటర్లు. అదే 5 నుంచి 8 దాకా చూస్తే పది సెంటీమీటర్ల పైచిలుకు. 5వ ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టి, చెయ్యి అలవాటు పడ్డాక వారానికో ఫ్రెట్ చొప్పున మొదటి ఫ్రెట్ వైపు రండి.

కింది ఫ్రెట్ల దగ్గర ఎంత సాగదీసినా బిగుసుగానే ఉంటే ఫ్రెట్‌కో వేలు అన్న పద్ధతిని అక్కడ వదిలెయ్యొచ్చు. డబుల్ బేస్ వాయించేవాళ్లు ఫ్రాంజ్ సిమాండల్ పేరుతో పిలిచే 1-2-4 పద్ధతి వాడతారు. మూడు ఫ్రెట్లకే వేళ్లు పరుస్తారు, ఉంగరం వేలు చిటికెన వేలికి తోడుగా ఉంటుంది, నాలుగో ఫ్రెట్ కావాలంటే చెయ్యే జరుగుతుంది. చిన్న చేతులవాళ్లకు నేను దీన్నే చెబుతాను. 5వ ఫ్రెట్ దాటాక ఫ్రెట్‌కో వేలు పెట్టుకోవచ్చు.

మొదటి మూడు నెలలు దాటినవాళ్లు ఈ వరసలకు రోజుకు ఐదు నిమిషాలకు మించి ఇస్తే, అది వేరేదానికి దక్కాల్సిన సమయం.

## కుడి చెయ్యి, మ్యూటింగ్

నేను ఎక్కువమందికి సూచించేది ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ముందు ఎడమ చేత్తో నోటును ఆపడం. మెట్రొనోమ్ 60 దగ్గర, అంటే నిమిషానికి 60 క్లిక్కులకు, పెట్టండి. ఇ తీగ మీద 5వ ఫ్రెట్ నొక్కి ఒక బీటు మోగనివ్వండి, తర్వాతి బీటు మౌనం. మళ్లీ నోటు, మళ్లీ మౌనం. నోటు క్లిక్ మీద మొదలవ్వడం అందరికీ వస్తుంది. రెండో క్లిక్ మీద మౌనం కచ్చితంగా మొదలవ్వాలి, కసరత్తంతా అందులోనే ఉంది. వేలిని తీగ మీంచి పూర్తిగా ఎత్తొద్దు, నొక్కు మాత్రం వదలండి, వేలు తీగను తాకుతూనే ఉండాలి.

అలా చేసినప్పుడు సన్నగా గంట మోగినట్టు ఒక శబ్దం వస్తే కంగారు పడొద్దు. 5, 7, 12 ఫ్రెట్ల దగ్గర ఒక్క వేలు తేలిగ్గా తాకితే హార్మోనిక్ పలుకుతుంది. నొక్కు వదిలేటప్పుడే పక్కనున్న రెండు మూడు వేళ్లను కూడా తీగ మీద వాల్చండి. హార్మోనిక్‌కు చోటుండదు, తీగ చప్పున ఆగుతుంది. ఈ చిన్న సంగతి తెలియక ఎంతోమంది తమ బేస్‌లోనే ఏదో లోపం ఉందనుకుంటారు.

ఇక కుడి చెయ్యి. బొటనవేలును పికప్ (తీగల కింద శబ్దాన్ని పట్టే భాగం) మీదే ఎప్పుడూ ఆనించి ఉంచితే, మీరు జి తీగ మీదున్నప్పుడు ఇ, ఎ తీగలను పట్టుకునేవాళ్లుండరు. నాకు జరిగింది అదే. ఇ తీగ వాయించేటప్పుడు బొటనవేలు పికప్ మీద, ఎ తీగ మీదికి వెళ్తే బొటనవేలు ఇ తీగ మీద, డి తీగకు వెళ్తే ఎ తీగ మీదికి వాలి ఇ తీగను కూడా ఆనుకునేలా, ఇలా చెయ్యి వెంటే బొటనవేలూ జరగాలి. నాలుగు తీగల మీదా ఒక్కో దానికి నాలుగు నోట్లు వాయిస్తూ పైకీ కిందికీ వెళ్లండి. మొదటి వారం నెమ్మదిగా, 50 దగ్గరే.

శబ్దం ఎగుడుదిగుడుగా ఉంటే కారణం చూపుడు వేలు, మధ్య వేలు బలాల్లో తేడా. ఒకే నోటును ఆ రెండు వేళ్లతో మార్చి మార్చి రెండు నిమిషాలు వాయించి రికార్డ్ చెయ్యండి. కళ్లు మూసుకుని వినండి. ఏది ఏ వేలో గుర్తుపట్టగలిగితే ఇంకా పని మిగిలి ఉన్నట్టే. యాంప్ శబ్దం పెంచి చేతి బలం తగ్గిస్తే తేడా సగం అక్కడికక్కడే పోతుంది. గట్టిగా లాగితేనే బేస్ గట్టిగా పలుకుతుందన్న భ్రమ ఇక్కడ పోగొట్టుకోవాలి. గట్టిగా లాగిన తీగ ఫ్రెట్లకు కొట్టుకుంటుంది, ఆ తర్వాత వచ్చే గుండ్రని శబ్దం పలచనవుతుంది.

రెండు వేళ్లా, పిక్కా (తీగ మీటే చిన్న బిళ్ల), బొటనవేలితో స్లాపా అన్న వాదనలో దిగకండి. అమెరికన్ రికార్డు సంస్థ మోటౌన్ రికార్డుల మీద బేసిస్ట్ జేమ్స్ జేమర్సన్ కుడి చూపుడు వేలు ఒక్కదానితోనే వాయించాడు. కేరల్ కే పిక్‌తో, తీగలను మ్యూట్ చేసి వాయించింది. లారీ గ్రాహమ్ తల్లితో కలిసి వాయించే రోజుల్లో డ్రమ్మర్ లేకపోవడంతో ఆ దెబ్బల లోటును బొటనవేలితో కొట్టి, వేలితో లాగి పూడ్చాడు, స్లాప్ అలా పెరిగింది. ముగ్గురివీ మూడు దారులు, ముగ్గురికీ నోటు ఎంతసేపుండాలో తెలుసు. మీ పాటలకు ఏది సరిపోతే అది పట్టుకుని దాంట్లో మ్యూటింగ్ నేర్చుకోండి. స్లాప్ మీద మోజుంటే మాత్రం మ్యూటింగ్ కుదిరాకే వెళ్లండి, లేకపోతే ప్రతి దెబ్బకూ నాలుగు తీగలూ కలిసి మోగుతాయి.

## మెట్రొనోమ్‌తో గ్రూవ్

లయ జారుతున్నవాళ్లకు ఇంతకు మించిన మందు లేదు. అయితే ప్రతి బీటుకూ క్లిక్ పెట్టుకుంటే మెట్రొనోమ్ మిమ్మల్ని చేయిపట్టి నడిపిస్తుంది. చెయ్యి వదిలితే పడిపోతారు. అందుకని క్లిక్కులు తగ్గిస్తూ పోవాలి.

పాట వేగం 80 అనుకుందాం. మెట్రొనోమ్ 40 దగ్గర పెట్టి ఆ క్లిక్‌ను రెండో బీటు, నాలుగో బీటు అనుకోండి. ఇప్పుడు క్లిక్కుకీ క్లిక్కుకీ మధ్య ఒకటిన్నర సెకను ఖాళీ, ఆ ఖాళీని నింపాల్సింది మీరే. అది కుదిరాక 20 దగ్గర పెట్టి నాలుగో బీటుకు మాత్రమే క్లిక్ వినండి. మూడు సెకన్లకోసారి వచ్చే ఆ క్లిక్ మీ అంతర్లయ ఎంతుందో ఉన్నదున్నట్టు చెబుతుంది. పాత తరహా తాళం తిప్పే మెట్రొనోమ్‌లు సాధారణంగా 40 కంటే కిందికి వెళ్లవు, దీనికి ఫోన్ యాప్ అయితే సులువు.

వాయించేది మాత్రం ఒకటి రెండు నోట్లే ఉండాలి. వేళ్లకు పని ఎక్కువైతే చెవి మూతపడుతుంది. ఒక నోటు, స్కేల్‌లో దాని నుంచి ఐదో నోటు, అంతే. సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఒకే వరసను మూడు కాలాల్లో పాడటం తెలిసే ఉంటుంది. ఇక్కడా అంతే: మెట్రొనోమ్ కదలకుండా 60 దగ్గరే ఉంచి బీటుకు ఒక నోటు, రెండు, నాలుగు, మళ్లీ వెనక్కి. నాలుగు నుంచి రెండుకు దిగేటప్పుడే లయ తూలుతుంది, అక్కడ చెవి పెట్టండి.

లోపం కూడా చెప్పాలి. దీంతో కొత్త నోటు ఒక్కటి కూడా రాదు. గ్రూవ్ ఎంత బాగున్నా కార్డ్ మారినప్పుడు ఏం వాయించాలో మెట్రొనోమ్ చెప్పదు.

## స్కేల్స్, కార్డ్ నోట్లు

స్కేల్ మాత్రమే పైకీ కిందికీ వాయించడం కంటే కార్డ్ నోట్లు వాయించడం మేలని నా గట్టి నమ్మకం. పాట కింద నిలబడి ఇప్పుడు నడుస్తున్న కార్డ్ ఏదో చెప్పడమే బేస్ పని, ఆ పని చేసేవి ఒకటో నోటు, మూడోది, ఐదోది, ఏడోది. స్కేల్ వాటి మధ్య దారి.

అలాగని స్కేల్ తెలియకుండా కుదరదు. సి మేజర్‌ను ఎ తీగ 3వ ఫ్రెట్ మీద మధ్య వేలితో మొదలుపెట్టండి. వేళ్ల వరస ఎ తీగ మీద 2-4, డి తీగ మీద 1-2-4, జి తీగ మీద 1-3-4. చెయ్యి జరక్కుండానే పూర్తి స్కేల్ వస్తుంది. ఇదే ఆకారాన్ని ఎక్కడికి జరిపితే అక్కడి మేజర్ స్కేల్.

ఇక కార్డులు సి, ఎ మైనర్, ఎఫ్, జి. ఒక్కో దానికి నాలుగు బీట్లు. మొదటి రోజు రూట్ మాత్రమే. రెండో రోజు రూట్, ఐదో నోటు. మూడో రోజు నుంచి ఒక నియమం: కార్డ్ మారేటప్పుడు మీ చేతికి దగ్గర్లో ఉన్న కార్డ్ నోటుకే వెళ్లాలి, దూకకూడదు. ఎ మైనర్‌లోని ఇ నోటు మీద ఉంటే ఒక్క ఫ్రెట్ పైన ఎఫ్ ఉంది. జి కార్డ్‌లోని బి మీద ఉంటే ఒక్క ఫ్రెట్ పైన సి ఉంది. ఆ ఒక్క ఫ్రెట్ జరుగుడు విన్నప్పుడు రూట్ నుంచి రూట్‌కు గెంతడం ఎందుకు మొరటుగా ఉండేదో అర్థమవుతుంది. వాయించేటప్పుడు నోటు పేరు పైకి అనండి. ఆకారం మాత్రమే తెలిసినవాళ్లు శ్రుతి మారగానే తప్పిపోతారు.

దీని ఫలితం ఆలస్యంగా వస్తుంది, కానీ వచ్చాక పోదు.

## చెవితో పాట పట్టడం

విసుగు రాని దారి ఇదొక్కటే. పాటలో నాలుగు బార్లు (తాళావర్తాలు) తీసుకుని ముందు నోటితో పాడగలగాలి, తర్వాతే బేస్ మీద వెతకాలి. పాడలేనిది వేళ్లు వెతకలేవు. యూట్యూబ్‌లో వేగం సగానికి తగ్గించుకుని వినొచ్చు.

తప్పులన్నిటినీ పాట కప్పేస్తుంది, అదొక్కటే భయం. అసలు రికార్డింగ్‌తో కలిసి వాయిస్తుంటే అందులోని బేస్ మీ లోపాలను దాచిపెడుతుంది. అందుకే నేర్చుకున్నాక పాట ఆపేసి, ఒట్టి క్లిక్ మీద వాయించి రికార్డ్ చెయ్యండి.

## ఎవరికి ఏది

మొదటి మూడు నెలల్లో ఉన్నవాళ్లు: వేళ్ల వరసలు పది నిమిషాలు, ఒకే నోటు మెట్రొనోమ్‌తో పది, మిగతాది ఒక పాట. స్కేల్స్ తర్వాత చూసుకోవచ్చు.

మామూలు గిటార్ నుంచి వచ్చినవాళ్లకు వేళ్లు ఎప్పుడో తిరిగి ఉంటాయి. వేళ్ల వరసలు పూర్తిగా మానెయ్యండి. మీకు కావాల్సింది మ్యూటింగ్, నోటు నిడివి. వేగం ఉంది కదా అని ఖాళీలన్నీ నింపడం మీకు తెలియకుండానే జరుగుతుంది, కాబట్టి మొదటి నెల నోటు-మౌనం కసరత్తు తప్పనిసరి అనుకోండి.

బ్యాండ్‌లో వాయిస్తూ డ్రమ్మర్‌తో కుదరట్లేదంటే మెట్రొనోమ్ దారి. కానీ ముందు రికార్డింగ్ వినండి. లయ తప్పిందనిపించే చాలా సందర్భాల్లో నోటు సరిగ్గానే మొదలై, స్నేర్ (డ్రమ్స్‌లో చురుగ్గా పలికే డ్రమ్) దెబ్బ మీదుగా లాగబడి ఉంటుంది. స్నేర్ పడే క్షణానికి నోటు ఆపి చూడండి. బ్యాండ్ మొత్తం ఒక్కసారిగా బిగుసుకున్నట్టు వినపడితే మీకు కావాల్సింది మ్యూటింగే.

చాలా ఏళ్లుగా వాయిస్తూ అవే అవే లైన్లలో తిరుగుతున్నవాళ్లు కార్డ్ నోట్లకు మూడు నెలలు ఇవ్వండి, పక్కన వారానికో పాట చెవితో.

చెయ్యి నొస్తున్నవాళ్లకు వేరే మాట. కండరం అలిసిన నొప్పి రాత్రికి పోతుంది. తిమ్మిరి, సూదులు గుచ్చినట్టుండటం, మణికట్టులో పదునైన నొప్పి, వీటిలో ఏది వచ్చినా ఆ రోజుకు ఆపెయ్యాలి, తగ్గకపోతే డాక్టర్‌ను చూడాలి. కసరత్తు మార్చే ముందు పట్టీ ఎత్తు చూసుకోండి. కూర్చున్నప్పుడు బేస్ ఏ ఎత్తులో ఉందో నిలబడినప్పుడూ దాదాపు అక్కడే ఉంటే మణికట్టు వంగదు. సాగదీత వల్లే నొప్పి అని తేలితే 30 అంగుళాల షార్ట్ స్కేల్ బేస్ వాయించి చూడండి, మొదటి ఫ్రెట్ దగ్గరే అరసెంటీమీటరు పైగా వెడల్పు తగ్గుతుంది.

## రోజూ ఇరవై నిమిషాలా, ఆదివారం రెండు గంటలా

వారానికి ఆరు రోజులు, రోజుకు ఇరవై నిమిషాలంటే అదీ రెండు గంటలే. నేను రెండూ చేసి చూశాను. ఆదివారం రెండు గంటల్లో మొదటి నలభై నిమిషాలు పోయిన వారం ఎక్కడ ఆపానో అక్కడికి చేరడానికే సరిపోయేవి, చివరి అరగంటలో అలిసిన చెయ్యి తప్పుల్నే అలవాటు చేసుకునేది. రోజూ అయితే నిన్నటి చెయ్యి ఇవాళ గుర్తుంటుంది. వారమంతా నిజంగా తీరికలేనివాళ్లు ఆదివారాన్నే మూడు ముక్కలు చేసుకోండి, ముక్కకూ ముక్కకూ మధ్య కనీసం గంట ఎడం ఉంచి.

రోజూ కుదరాలంటే ఇంకో చిన్న పని ఉంది. బేస్‌ను సంచిలోంచి తీసి స్టాండ్ మీద పెట్టండి. జిప్పు తియ్యడం, వైరు వెతకడం, శ్రుతి చేసుకోవడం, ఇవే ఇరవై నిమిషాల్లో ఆరేడు మింగేస్తాయి.

## ఎంచుకున్నది ఎప్పుడు మార్చాలి

నాలుగు వారాలు ఒకే ప్రధాన కసరత్తు చెయ్యండి. ఏ రోజు ఎంత వేగం దగ్గర తప్పు లేకుండా వచ్చిందో ఒక పుస్తకంలో అంకె రాసుకోండి. మూడుసార్లు వరసగా శుభ్రంగా వస్తేనే వేగం నాలుగు పెంచండి, రెండుసార్లు తప్పితే నాలుగు తగ్గించండి.

నాలుగో వారం చివర మొదటి రోజు వాయించిన పాటనే, అదే వేగంలో, అదే ఫోన్‌లో మళ్లీ రికార్డ్ చెయ్యండి. రెండూ ఒకదాని తర్వాత ఒకటి వినండి. గీత గీసుకున్న తప్పు తగ్గి ఉంటే కాగితం మీద దాని తర్వాత ఉన్నదాన్ని ఎత్తుకోండి. పాత కసరత్తును మాత్రం వారానికి ఒక రోజు పలకరిస్తూ ఉండండి. ఏ మార్పూ లేకపోతే ఇంకో నాలుగు వారాలు అదే చెయ్యొద్దు. కసరత్తు చేస్తున్నప్పుడు మీ చెయ్యి కనపడేలా ఒక వీడియో తీసి చూడండి. బొటనవేలు పికప్ మీంచి కదలకపోవడమో, నొక్కు వదలడానికి బదులు వేలు తీగ మీంచి పైకి లేచిపోవడమో, తప్పు సాధారణంగా అక్కడే కంటికి దొరుకుతుంది.